ఉల్లిమడి పీకేసిన రోజు

ఆ పొద్దున షమామ్ రొట్టెల గంప ఎత్తుకుని వెళ్లేసరికి ఫిరంగుల వెనక ఉల్లిమడి బోసిగా ఉంది. గోళీకాయంత గడ్డల్ని కూడా వదల్లేదు, మొత్తం పీకేశారు. శీతాకాలానికి ముందు ఆ విదేశీ సిపాయిలే మురిపెంగా నాటుకున్న మడి అది. ఇంకో రెండు నెలలు ఉండేవాడెవడైనా గోళీకాయంత ఉల్లిగడ్డ పీకుతాడా? 

ఊరికి పైన కొండ గట్టు మీద ఆమె కొడుకు బాపీర్ ఉన్నాడు. వాడితోపాటు ఇంకో ఇరవై రెండుమంది కుర్దు పోరాటవీరులు, పేష్‌మెర్గాలు. గట్టు అవతల బాగ్దాద్ సైన్యం ట్యాంకులతో కాచుకుని ఉంది. తూర్పు సరిహద్దు దాటి పొరుగు దేశం నుంచి సాయంగా వచ్చిన ఈ ఆరు ఫిరంగులు కింద నుంచి మోగుతున్నంత కాలమే ఆ గట్టు కుర్దులది. అవి ఆగిపోతే ఆ పిల్లలకి మిగిలేవి తుపాకులూ, పాటలూ.

షమామ్ గంప దభీమని దించి ఇంట్లోకి వచ్చింది. ఊరిపెద్ద అయిన ఆమె మొగుడు మీర్ఖాన్ తీరిగ్గా టీ తాగుతున్నాడు.

"ఏమయ్యా, వాళ్లు వెళ్లిపోతున్నారు."

"ఎవరు?"

"ఎవరా! ఎనిమిది నెలలుగా నాచేత రోజుకి అరవై రొట్టెలు కాల్పిస్తున్నవాళ్లు. ఉల్లిమడి పీకేశారు. ఎప్పుడు పోతున్నారో పోయి అడుగు."

మీర్ఖాన్ చక్కెర ముక్క పంటి కింద పెట్టుకుని ఇంకో గుక్క తాగాడు. "ఇంటికొచ్చినవాణ్ని ఎప్పుడు పోతావని అడుగుతారా ఎవరైనా? మా తాత ఇంట్లో ఒక చుట్టం ఏడేళ్లు కూర్చున్నాడు. నోరు తెరిచి అడగలేదు మా తాత."

"మీ తాత చుట్టం ఫిరంగులు తెచ్చుకోలేదు!"

"అతిథి అతిథే."

ఈయనొక్కణ్ణే అని లాభం లేదు. కిందటి నెల కుర్దు పోరాటాన్ని నడిపే పెద్ద కార్యాలయం నుంచి మనవాళ్లే జీపుల్లో దిగారు. ఒక గొర్రె మొత్తం తిన్నారు. ఆ విదేశీ కెప్టెన్ ఎదురుగా కూర్చుని స్వతంత్ర దేశానికి జెండా ఎలా ఉండాలో, తపాలా బిళ్ల మీద ఏ కొండ బొమ్మ వేయాలో తెల్లారేదాకా మాట్లాడుకున్నారు. ఎన్నాళ్లుంటావయ్యా అని ఒక్కడు అడిగితే ఒట్టు. షమామ్ ఉండబట్టలేక ఒకాయన్ని నిలదీస్తే, "సాయం చేసేవాణ్ని గడువడిగితే చిన్నబుచ్చుకుంటాడమ్మా" అన్నాడు. ట్యాంకుకి ఎదురు నడిచే మగాళ్లు వీళ్లు. ఒక్క మాట అడగడానికి మాత్రం నోళ్లు పడిపోతాయి. వీళ్ల మర్యాద మండిపోను, దీన్ని కట్టుకుని దేశం ఎలా తెస్తారో ఆమెకి అర్థమయ్యేది కాదు.

అంతలో కెప్టెన్ మెహ్రాన్ రానే వచ్చాడు. రోజూ వచ్చే వేళే. మీర్ఖాన్ లేచి మెత్త సర్ది, "రండి రండి, ఇల్లు మీది" అన్నాడు. కెప్టెన్ రోజూ మూడు గ్లాసులు తాగే మనిషి. ఇవాళ ఒక్క గ్లాసుకే, ఇక చాలని దాని మీద చెంచా అడ్డం పెట్టేశాడు.

షమామ్ కెటిల్ పట్టుకుని అతని ఎదురుగా నిలబడింది. "నాయనా, ఎప్పుడు వెళ్తున్నారు?"

మీర్ఖాన్ మొహం కందగడ్డయింది. "షమామ్!"

కెప్టెన్ తల వంచుకున్నాడు. అతనికి వచ్చిన కుర్దీ అంతంతమాత్రం. కూడబలుక్కుని చెప్పాడు. "ఇవాళ మధ్యాహ్నం, అమ్మా. మా రాజుగారూ బాగ్దాదువాళ్లూ రాజీ పడ్డారు. చెప్పొద్దని ఆర్డరు. అయితే మీ ఉప్పు తిన్నాను, అడిగితే అబద్ధం చెప్పలేను. ఎవరైనా అడుగుతారేమోనని పది రోజులుగా చూస్తున్నాను."

పది రోజులు! పది రోజులుంటే ఆ గట్టు మీది పిల్లల్నే కాదు, ముసలీ ముతకా, మేకలతో సహా ఊరంతా సరిహద్దు దాటించొచ్చు. షమామ్‌కి అతన్ని తిట్టాలో, మొగుణ్ని తిట్టాలో తెలియలేదు. తిట్టడానికి టైము కూడా లేదు. కెటిల్ అక్కడే పడేసి గట్టు దారి పట్టింది. వెనక నుంచి మీర్ఖాన్ గొంతు వినబడుతూనే ఉంది. "తప్పుగా అనుకోకండి కెప్టెన్ గారూ, ఆడమనిషి, తెలియక అడిగింది."

గట్టు ఎక్కడానికి రెండు గంటలు పట్టింది. మోకాళ్లు విరిగిపోతున్నా ఆగలేదు. పైన బాపీర్ ఆమెని చూసి నవ్వాడు. "ఏంటమ్మా, రొట్టెలు తెచ్చావా?"

"రొట్టెలు కాదురా, కిందికి చూడు."

కింద ఫిరంగుల్ని లారీలకి తగిలిస్తున్నారు. పైనుంచి చూస్తే దుకాణం కట్టేస్తున్నట్టుంది. బాపీర్ నవ్వు ఆగిపోయింది. పక్కనున్న వాళ్ల నాయకుడు కళ్లు చికిలించి చూశాడు.

"మనకెవరూ చెప్పలేదే" అన్నాడు.

"మీరెవరైనా అడిగారా?" అంది షమామ్.

చీకటి పడకముందే ఇరవై ముగ్గురూ దిగొచ్చారు. ఏడుస్తూ దిగొచ్చారు. గట్టు పోయింది, పిల్లలు మిగిలారు. వెనకాల కొండల్లో అప్పుడే బాగ్దాదువాళ్ల ట్యాంకుల రొద మొదలైంది. తెల్లారేలోపు ఊరు ఖాళీ చేయాలి.

ఇంటి ముందు నేలంతా తడిగా ఉంది. లారీల చక్రాల జాడల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. మీర్ఖాన్ ఖాళీ రాగిగిన్నె పట్టుకుని గడపలోనే నిలబడి ఉన్నాడు. పొద్దున్నుంచి పదేళ్లు పెద్దవాడైనట్టున్నాడు. కొడుకుని చూడగానే ఒక్క ఉదుటున వచ్చి వాటేసుకున్నాడు.

షమామ్ ఆ తడినేల కేసి చూసింది. "వాళ్ల వెనక నీళ్లు పోశావా?"

"అలవాటు కదే" అన్నాడతను నెమ్మదిగా. "పోయేవాళ్లు మళ్లీ తిరిగి రావాలని పోస్తాం కదా."

ఆమె తడినేల దాటి గడప ఎక్కింది.

"వాళ్ల వెనక నువ్వు పోశావు. రేపు ఊరు ఊరంతా పోతాం. మన వెనక పోసేదెవరు?"

మీర్ఖాన్ చేతిలో గిన్నె కేసి చూసుకున్నాడు. ఆమె పరుపులు మూట కట్టడానికి లోపలికి వెళ్లింది.