దడ

అయినా ఆసుపత్రిలో తలకి పెట్టిన ఆ అయస్కాంతానికేం తెలుసు మనిషి తలలో ఏముందో, అది ఇనుమునైతే పట్టుకుంటుంది, ఇనుమంటూ ఉంటే ఈ పక్కన కూర్చుని శనక్కాయలు ఒలుచుకుంటున్న మహానుభావుడి తలలోనే ఉండాలి, అనుకుంది సుధారాణి, హిందూపురంలో రైలెక్కినప్పటి నుంచి మొగుడు హరిప్రసాద్ ఆ పొట్లం వదల్లేదు, తొక్కలన్నీ ఆమె కాళ్ళ మీదే రాలుస్తున్నాడు, ధర్మవరం పోయి పట్టుచీరలు తెచ్చుకుందాం పదమేయ్ అని తెల్లారకముందే తొందరపెట్టి లేపాడు, తొమ్మిదేళ్ళ కాపురంలో ఒక్కనాడు చీర మాటెత్తని మనిషికి సరిగ్గా ఈరోజే, పెనుకొండ కోర్టులో ఆమె సాక్ష్యం చెప్పాల్సిన ఈరోజే, పట్టు మీద ప్రేమ పొంగుకొచ్చింది, ధర్మవరం కంటే ముందు పెనుకొండ వస్తుంది, రైలు ఆగుతుంది, అక్కడ దిగిపోవాలి, దిగకపోతే గొర్రెల కాపరి ఉలిగప్ప చెయ్యి మామ విరగ్గొట్టడం చూసినవాళ్ళే లేరని తేలిపోతుంది, అలా అనుకోగానే గుండెలో దడ, వేళ్ళ చివర్లు చల్లబడటం, వచ్చేసింది మళ్ళీ ఈ పాడు భయం, తినవా అని పొట్లం ముక్కు దగ్గర పెట్టాడు, వద్దు, నువ్వే మింగు.

గొర్రెలు చేలో పడ్డాయి, అంతే ఉలిగప్ప చేసిన నేరం, తోలుకుపోతా సామీ, తోలుకుపోతా అంటూనే ఉన్నాడు పాపం, మామ ఆదినారాయణ పార తిరగేసి కామతో కొట్టాడు, మొదటి దెబ్బకే ముంజేయి వేలాడింది, మరి రెండోది ఎందుకు, మూడోది ఎందుకు, మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తూ ఆమె చూసింది, తర్వాత ఎస్సై వస్తే ఇంటిల్లిపాదీ కాలు జారి పడినాడు సార్ అని ఒకే పాట పాడారు, ఆమె నోట మాత్రం మా మామే కొట్టినాడు సార్, నేను చూసినా అని వచ్చేసింది, ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు, ఆ సాయంత్రం అత్త రుక్మిణమ్మ అన్నం తట్ట నేలకేసి కొట్టి, భయం ల్యాదామే నీకు, ఆడదానికి భయం ఉండాల అంది, భయం ఉండాలట, పెళ్ళిచూపుల్లో సుధారాణి తల్లి కూడా అదే చెప్పుకుంది, మా పిల్లకి భయం ఉండాది వదినా అని, బంగారం ఉంది అన్నట్టు, వీళ్ళ భాషలో భయమంటే వంచిన తల, ఉలిగప్పకి కూడా అదే ఉంది కాబోలు, పార లేస్తుంటే సామీ అన్నాడు కానీ చెయ్యి అడ్డం పెట్టలేదు, అడ్డం పెడితే తప్పట.

మీకు భయం ఎక్కువా అని ఆసుపత్రిలో డాక్టర్ ఐశ్వర్య అడిగినప్పుడూ ఆమె నోటికి అదే అలవాటు, ఉండాది మేడం, మా ఇంట్లో అందరికంటే నాకే ఎక్కువ అని మర్యాదగా చెప్పింది, ఆ పిల్ల డాక్టరు కంగారుపడి, అయ్యో, అయితే మిమ్మల్ని తీసుకోలేమండీ, ఇది ఏ జబ్బూ లేనివాళ్ళ మీద చేసే పరీక్ష అంది, పెద్దల దగ్గర భయం మేడం అంటే గానీ అర్థమై నవ్వలేదు, తర్వాత గంటసేపు గుచ్చి గుచ్చి అడిగి మీ మనసు భేషుగ్గా ఉంది అని తేల్చి మరీ పరీక్ష కుర్చీ ఎక్కించింది, ఈ శనక్కాయల మహానుభావుడు ఆ మాట వినలేదు, బయట టీ తాగుతున్నాడు, నీకు ఊరికే దడ పుడతాంది గదా, ఆసుపత్రిలో అయస్కాంతం పెట్టి చూస్తాండారంట, పోదాం పా అని ఎంత ముద్దుగా తోలుకొచ్చాడు, ఆ ముద్దు వెనక మామ ప్లీడరున్నాడని ఈ పొద్దున ప్లాట్‌ఫారం మీద ఇతను ఫోన్లో వాగుతుంటే తెలిసింది, రాకుండా చూస్తా సార్, వచ్చినా ఏమైతాది, తలకి కరెంటు పెట్టించుకున్నెదాని మాట ఎవరు నమ్ముతారు, ఎంత తెలివి, పెళ్ళాన్ని పిచ్చిదాన్ని చేయడానికి మనసు బాగున్నవాళ్ళనే ఏరుకునే చోటికి తీసుకుపోయాడు.

నుదుటి పక్కన ఆ తీగచుట్ట పెట్టి టకటకటక మోగించేవాళ్ళు, కొందరికి నిజం అయస్కాంతమట, కొందరికి ఉత్త చప్పుడేనట, ఎవరికేదో చెప్పరట, తర్వాత మణికట్టుకి షాకు పట్టీ, కంటి కింద అదురు కొలిచే బిళ్ళలు, తెర నీలంగా ఉంటే ఏమీ లేదు, ఎర్రగా మారితే షాకు ఎప్పుడైనా కొట్టొచ్చు, కొట్టకపోవచ్చు, కొట్టకముందు ఆ ఎదురుచూపే ప్రాణం తీసేది, చెవిలో ఫట్‌మని చప్పుడైతే కన్ను తనంతట తానే అదిరేది, ఒళ్ళంతా కుర్చీలోకి ముడుచుకుపోయేది, చెయ్యి వెనక్కి లాక్కుని తలుపు వైపు పరిగెత్తాలనిపించేది, దీంతో భయం పోతాదా మేడం అని అడిగితే, కొందరిలో తగ్గొచ్చు, కొందరిలో పెరగొచ్చు కూడా, అదే కదా మేం కనుక్కోవాలి అంది డాక్టరు, పెరిగే ఉంటుంది, నా రాత అంతే, లేకపోతే ఈ దడేమిటి, తగ్గితే దిగుదామనుకున్నాను, తగ్గేట్టు లేదు, కిటికీలో పెనుకొండ కొండ కనిపిస్తోంది, ఇంకెప్పుడు తగ్గుతుంది.

రైలు వేగం తగ్గింది, ఆమె లేచింది, హరిప్రసాద్ చెయ్యి సరిగ్గా మణికట్టు మీద పడింది, యాడికి పోతాండావు, కూచో, ధర్మారం ఇంకా రాలా, వదులు, వదలను, ఆ గొర్లోడు నీకేమైతాడే, వాని కోసం మా నాయన్ని జైలుకి పంపుతావా, ఎదుటి సీటు ముసలమ్మ గుడ్లప్పగించి చూస్తుంటే గొంతు తగ్గించి, సుధా, నీకు దండం పెడతా, పిల్లోల్లు లేకపోయినా నిన్ను ఇంట్లోనే పెట్టుకున్నా గదా అన్నాడు, అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు, పెట్టుకున్నాడట, గాటికి గొడ్డును కట్టినట్టు పెట్టుకున్నాడట, దడ గొంతుదాకా వచ్చింది, రైలు ఆగింది, ఆగి ఎంతసేపుంటుంది, భయపడుతున్నాను, నేను భయపడుతున్నాను అనుకుంటూ ఒళ్ళు ఎప్పుడు ముడుచుకుంటుందా అని చూసింది, ముడుచుకోలేదు, కుర్చీలో అయినట్టు చెయ్యి వెనక్కి రావడం లేదు, ముందుకు పోతోంది, పళ్ళు పళ్ళు పట్టుకున్నాయి, పరిగెత్తాలని లేదు, ఈ శనక్కాయల చేతిని విరిచేయాలని ఉంది, భయానికి ఇలా ఉండదే, భయం ఎలా ఉంటుందో ఆ కుర్చీలో చూసింది కదా, ఇది వేరు, మణికట్టు ఒక్క గుంజు గుంజింది, పొట్లం ఎగిరి కాయలన్నీ అతని ఒళ్ళో పడ్డాయి, జనాన్ని తోసుకుంటూ తలుపు దాకా, మెట్టు మీదికి, కిందికి, ప్లాట్‌ఫారం మీద నిలబడ్డా గుండె అలాగే కొట్టుకుంటోంది, కొట్టుకోనీ, ఇది భయం కాదు, కోపం, తొమ్మిదేళ్ళుగా ఇది కోపమే, భయమని పేరు పెట్టింది వాళ్ళు.