జేబు తర్వాతి పేజీలు

మూడోసారి కూడా విషయసూచిక వంకరగానే వచ్చింది. పేజీ నంబర్లు కుడి అంచున నిటారుగా నిలబడకుండా ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ జరిగాయి. ఆయన మొత్తం చెరిపేసి, అంచు గుర్తును మళ్లీ లాగి మీట నొక్కాడు. ఈసారి శీర్షికకూ నంబరుకూ మధ్య చుక్కల వరస బుద్ధిగా పరుచుకుంది. "చాల్లే సంబడం!" అని తెరను తిట్టి గోడ గడియారం చూశాడు. పదకొండూ పది.

ఆఫీసులో అందరూ ఆయన్ను చుక్కలుగారంటారు. ఇరవయ్యారేళ్లుగా అదే కుర్చీ, అదే పని: ఎవరో రాసిన పుస్తకాన్ని పేజీల్లో పేర్చి, ముందు విషయసూచిక తగిలించడం. వందల పుస్తకాలు చేశాడు గానీ ఒక్కటీ పూర్తిగా చదివిన పాపాన పోలేదు. సన్నటి మెడ, కాస్త గూని. మౌసు మీద అరిగి అరిగి చూపుడువేలి కొస నున్నబడింది. పేజీ నంబర్లు చేత్తో వేసేవాళ్లంటే ఆయనకు ఒళ్లుమంట. "శీర్షికకు స్టైలు పెట్టి ఊరుకుంటే పేజీలెటు జరిగినా నంబర్లు వాటంతటవే మారతాయి కదండీ! చేత్తో వేస్తే కొంప మునుగుతుంది," అని కొత్తవాళ్లకు రోజూ పాఠమే.

ఈరోజు తెర మీదున్నది మాత్రం అక్క పుస్తకం.

అక్క నలభై ఏళ్లుగా బట్టలు కుడుతోంది. అమ్మానాన్నా పోయాక కుట్టి కుట్టి తమ్ముణ్ని చదివించింది. పెళ్లి మాటెత్తితే "ముందు వాడికి" అని ఆమె, "ముందు ఆవిడకి" అని ఈయన తప్పించుకుంటూ, చివరికి ఇద్దరూ ఒకే ఇంట్లో మిగిలిపోయారు. ఇప్పుడు వేరే ఊళ్లో కుట్టు నేర్పే బడివాళ్లు అక్కడే ఉండి నేర్పమని ఆమెను పిలిచారు. "పుస్తకమేమైనా ఉందామ్మా మీ దగ్గర?" అని అడిగితే, "లేకేం, ఉంది," అనేసింది మహాతల్లి. ఉన్నదల్లా ఒక పాత నోటుబుక్కు. నిండా గౌన్లు, చొక్కాలు, కోట్ల బొమ్మలు, వాటి చుట్టూ కొలతలు. రెండు వారాలుగా ఆమె చెబుతుంటే కత్తిరించే పద్ధతంతా ఆయన టైపు చేశాడు. సాయంత్రం ఐదున్నరకు ఆమె బస్సు. రేపు పొద్దున్నే తరగతి. పుస్తకం లేకుండా వెళ్తే మొదటిరోజే మాట పోతుంది.

ఆయనకు కుర్చీలో కుదురు లేదు. మళ్లీ ఫోను తీశాడు.

"అక్కా, మెడ దగ్గర మడతలున్న గౌనుకి ఏం పేరు పెట్టను?"

"ఇప్పుడేగా చేశావ్! ఎన్నిసార్లురా? ఏదో ఒకటి పెట్టు. నేనేమన్నా చదువుతానా చస్తానా?"

ఫోను పెట్టేశాక చేతులు ఆగిపోయాయి. కొలత టేపు పుణ్యమా అని అక్కకు అంకెలొచ్చు, అక్షరం ముక్క రాదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలిసిన సంగతే. తెలిసీ ఆమెకు ముప్ఫై శీర్షికలు పెట్టి, చుక్కలు సర్దుతూ కూర్చున్నాడు! రేపు ఏ పిల్లో లేచి "కోటు ఎలాగమ్మా?" అంటే అందరి ముందూ ఆమె పేజీలు తడుముకుంటూ నిలబడాలి. ఆయనకు తన మీద తనకే రోత పుట్టింది.

బొమ్మలే పెట్టాలి. ఎడమపక్క చిన్న బొమ్మ, మధ్యలో చుక్కలు, కుడిపక్క నంబరు. అయితే ఈ సాఫ్ట్‌వేరు అక్షరాలను ఏరుకొస్తుందే గానీ బొమ్మల జోలికి పోదు. చేత్తో వేయక తప్పలేదు. ఒక్కో బొమ్మనూ గోరంత చేసి, వరసలో కూర్చోబెట్టి, పేజీ చూసుకుని నంబరు కొట్టాడు. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు.

"చుక్కలుగారూ, సంఘంవాళ్ల సావనీరు ఏమైంది?" ఓనరు గుమ్మంలోంచి అరిచాడు.

"అవుతోందండీ."

"పొద్దుట్నుంచీ అవుతూనే ఉందిగా!"

మూడున్నరకు అక్కే ఫోను చేసింది. "జేబు వేశావా?"

"ఏ జేబు?"

"చొక్కా జేబురా! దాని తర్వాతేగా కాలరు."

నోటుబుక్కు తిరగేస్తే రెండు కాగితాలు అంటుకుని ఉన్నాయి. గోటితో విడదీశాడు. ఆమె ఫోనులోనే పద్ధతి చెప్పింది, ఆయన టైపు చేసి, బొమ్మ ఎక్కించి, రెండు పేజీలు మధ్యలో చేర్చాడు. విషయసూచికలో జేబు బొమ్మ దూర్చి ఇరవై రెండు అని కొట్టాడు. ప్రింటు తీసి, పక్క షాపులో స్పైరల్ వేయించి, రోడ్డు మీద పరుగు లాంటి నడకతో బస్టాండుకు చేరేసరికి ఐదూ ఇరవై.

అక్క కిటికీ పక్కన కూర్చుని ఉంది. చిన్న మనిషి, ఎడమ బొటనవేలు నిండా సూది గాట్లు. పుస్తకం ఊచల మధ్యనుంచి అందుకుని మొదటి పేజీ తెరిచింది. "ఓరి నీ ఇల్లు బంగారం కానూ, బొమ్మలు!" అంది. కోటు మీద వేలుపెట్టి, చుక్కల వెంట మెల్లగా నడిపించి, నలభై ఒకటి దగ్గర ఆపింది. నలభై ఒకటో పేజీ తీసింది. అక్కడ కోటు లేదు. నలభై మూడులో ఉంది.

ఆయన కిటికీ ఊచ పట్టుకున్నాడు. "జేబు తర్వాతవన్నీ జరిగాయక్కా. చేత్తో వేశాను, మార్చడం మర్చిపోయాను. దిగు. రేపు వెళ్దువుగాని."

రేపైనా పంపడం తనకు ఇష్టం లేదని, అనేశాక తెలిసింది.

అక్క మరో రెండు బొమ్మల పేజీలు తీసి చూసింది. "అన్నీ రెండు పేజీలేనా? ఒకటి రెండు, ఒకటి మూడు కాదుగా?"

"అన్నీ రెండే."

"అయితే మరేం? రెండు కలుపుకుంటా. గుడ్డ కత్తిరించేటప్పుడు కుట్టులోకి పోయేదాన్ని కొలతకి కలుపుకోనూ? ఇదీ అంతే." బస్సు కదిలింది. "తిన్నావా అసలు?"

"తిన్నానక్కా," అని అబద్ధమాడాడు. కొంతదూరం బస్సు పక్కనే నడిచాడు. తర్వాత ఆగిపోయాడు.

ఇంటికొచ్చి దీపం వేశాడు. వంటింట్లోకి వెళ్లి ఊరికే తిరిగొచ్చాడు. కుట్టుమిషను మీద ఆయన చొక్కా పరిచి ఉంది. పాత గుండీలు తీసేసి కొత్తవి వేస్తోంది కాబోలు, పైనుంచి ఐదు గట్టిగా కుట్టి ఉన్నాయి. ఆరోది వేస్తుండగా తన ఫోను వచ్చుంటుంది. సూది ఆ గుండీలోనే గుచ్చి ఉంది, దారం ఇంకా తెంపలేదు.