నడిమి పలక

మా అత్తగారు హుల్డాకి ఆ భోజనాల బల్ల తర్వాతే దేవుడైనా, కన్నకొడుకైనా.

ఆవిడ మామగారు అమెరికాలోని మా ఊరు జేమ్స్‌టౌన్‌లోనే చెర్రీ చెక్కతో స్వయంగా చేసిన బల్ల అది. ఎండ ఒకవైపే పడకుండా నెలకోసారి దాన్ని పావువంతు తిప్పాలి. కుర్చీలు ఎత్తి జరపాలి తప్ప ఈడవకూడదు. ఏడాదికి రెండుసార్లు మైనం పట్టాలి, అదీ పలచగా. కాఫీ కప్పు కింద అట్టముక్క లేకపోతే ఆవిడ ముఖంలో నెత్తురుచుక్క ఉండదు. ఇవన్నీ మంచి పద్ధతులే, కాదనను. పాతికేళ్లు ఫర్నిచర్ ఫ్యాక్టరీలో పాలిష్ పట్టినదాన్ని, నాకు తెలియవా?

నాకు మింగుడుపడనిది ఒక్కటే. ఆ బల్లకి నడుమ వేసుకునే పలక ఒకటుంది. వేస్తే పదిమంది కూర్చోవచ్చు, తీస్తే ఆరుగురు. ఆవిడ దాన్ని రగ్గులో చుట్టి మంచం కింద దాచింది. వేస్తే బల్ల కింద జరిగే చెక్క పట్టాలు వదులైపోతాయట. అందుకని ఇరవై రెండేళ్లుగా థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి మేం ఆరుగురమే: అత్తగారు, మా ఆయన ఆర్విడ్, నేను, ఆడపడుచు కారిన్, ఆమె మొగుడు, వాళ్ల కూతురు. నాలుగు వీధుల అవతల ఉన్న మా అమ్మకి మాత్రం చోటు లేదు. ప్యూర్టోరికో నుంచి వచ్చి, ఈ ఊరి హోటళ్లలో గిన్నెలు తోమి నన్ను పెంచిన మనిషి ఆమె. ప్రతి ఏడూ నేను అడగడం, బల్ల పాడవుతుందని అత్తగారు అనడం, ఆర్విడ్ తన పళ్లెంలోకి చూసుకోవడం. అందరూ తిన్నాక మిగిలింది డబ్బాలో సర్ది అమ్మకి పట్టుకెళ్లేదాన్ని. ఆ డబ్బాలు మోసినందుకు నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఈ ఏడు అత్తగారి మణికట్టు విరిగింది. మైనం పట్టడానికి నన్ను పిలిచింది. సొంత కూతురి చేతికంటే నా చెయ్యే నయమని ఆవిడ నోటితోనే అంది. నేను గుడ్డ కింద పెట్టేసి, పండక్కి మా అమ్మ ఈ బల్ల దగ్గర కూర్చుంటేనే మైనం పడతానన్నాను. ఆవిడ మళ్లీ పట్టాల సంగతి ఎత్తింది. వాటికి కొవ్వొత్తి రుద్దితే చాలు, అరగవు, ఆ పనీ నేనే చేస్తానన్నాను. ఆవిడ పక్కనే ఉన్న కొడుకు వంక చూసింది. ఆర్విడ్ లేచి ఆవిడ పడగ్గదిలోకి వెళ్లి పలక మోసుకొచ్చాడు. పెళ్లైనప్పటి నుంచీ ఆ మనిషి నా పక్షాన చేసిన మొదటి పని అదే.

రగ్గు విప్పాక అత్తగారు పలక దగ్గరికి వంగి చూసింది. బల్లంతా ముదురు ఎరుపు, పలక మాత్రం అప్పుడే కోసిన యాపిల్ ముక్కలా లేతగా ఉంది. చెర్రీ చెక్క వెలుగు తగిలేకొద్దీ ముదురుతుంది, చీకట్లో దాస్తే పాత రంగులోనే ఉండిపోతుంది. ఫ్యాక్టరీలో చేరిన వారానికే మాకు నేర్పిన విషయం అది. ఇన్నేళ్లూ నేను ఆవిడకి చెప్పలేదు. నేనూ అంత మంచిదాన్నేం కాదు.

పండగనాడు అమ్మ తనకున్న వాటిలోకెల్లా మంచి గౌను వేసుకుని, పచ్చికందుల అన్నం గిన్నె పట్టుకుని వచ్చింది. అప్పటికే అత్తగారు ఒంటిచేత్తో బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచేసింది.

"తీసెయ్యండి అత్తయ్యా," అన్నాను.

"నవ్వుతారే మిగ్డాలియా. మాసిక వేసినట్టుంది."

"నవ్వనివ్వండి. ఇన్నేళ్లూ ఎవర్నీ కూర్చోనివ్వలేదు కాబట్టే అలా ఉంది."

గుడ్డ నేనే లాగేశాను. కారిన్ ఏదో గొణిగింది, నేను వినిపించుకోలేదు. అమ్మని సరిగ్గా ఆ లేత పలక ముందు కూర్చోబెట్టాను.

భోజనాలయ్యాక కాఫీలు తాగాం. కీళ్లవాతంతో అమ్మ వేళ్లు వంకర్లు పోయాయి. అట్టముక్క మీద పెట్టబోయిన కప్పుని పక్కన చెక్క మీద పెట్టేసింది, ఆమె చూసుకోలేదు. కాసేపటికి ఎత్తేసరికి పలక మీద గుండ్రటి తెల్ల మరక. అమ్మ బెదిరిపోయి గౌను చేతి అంచుతో తుడవబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను.

అత్తగారు నాకేసి తిరిగి, అలాంటి మరకలు తియ్యడం నీకు వచ్చుగా అని మెల్లగా అడిగింది.

వచ్చు. సిగరెట్ బూడిదలో నూనె కలిపి మెత్తటి గుడ్డతో పది నిమిషాలు రుద్దితే జాడ కూడా ఉండదు. ఫ్యాక్టరీలో అలాంటివి ఎన్ని తీశానో లెక్కలేదు.

"వచ్చు అత్తయ్యా. కానీ తియ్యను," అన్నాను. "మా అమ్మ ఇక్కడ కూర్చుందని ఈ ఇంట్లో ఒక్క గుర్తయినా ఉండాలి."

నేను లేచి అమ్మ కప్పులో మళ్లీ కాఫీ పోశాను.