షట్టర్ దించిన షెడ్డులో

నేను ఒక ఏసీ కంప్రెసర్‌ను. కారులో చల్లగా ఉందంటే అది నా చలవే, కానీ ఆ పేరంతా మీటకే పోతుంది. జనం దాన్ని నొక్కి "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అంటారు. బానెట్ కింద చీకట్లో కూర్చుని చెమటోడ్చేది ఎవరో వాళ్లకు పట్టదు.

మామూలు కార్లలో నా జాతివాళ్లను ఇంజన్‌కు బెల్టు వేసి కడతారు. ఇంజన్ తిరిగితే తిరగాలి, ఆగితే ఆగాలి. నన్ను హైబ్రిడ్ కారు కోసం తయారుచేశారు. నాకు సొంత మోటారు ఉంది, పెద్ద బ్యాటరీ నుంచి కరెంటు వస్తుంది. ఇంజన్ ఆగి ఉన్నా నా పని నేను చేసుకుపోతాను. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. నేను తాగే కొద్దీ బ్యాటరీ తగ్గుతుంది. బాగా తగ్గగానే ఇంజన్ ఎవరినీ అడక్కుండా తనంతట తానే లేస్తుంది, బ్యాటరీని నింపుతుంది, మళ్లీ ఆగుతుంది. పొగ గొట్టం మాత్రం అన్ని కార్లకూ ఉన్నట్టే మాకూ ఉంది.

నా మొదటి యజమాని విశ్వపతిగారిది పిడుగురాళ్లలో మందుల షాపు. షోరూములో కుర్రవాడు ఈ రెండు సంగతులూ చెప్పాడు. విశ్వపతిగారికి మొదటిది నచ్చింది, రెండోది చెవిన పడలేదు. మనుషులు వినేటప్పుడు కూడా బేరమాడతారు కాబోలు. ఊళ్లో ఎవరు కనిపించినా కారు ఎక్కించుకుని, "ఇంజన్ ఆపేశానండీ, చూడండి, ఏసీ ఆగిందా?" అని మురిసిపోయేవారు. నేనూ మురిసిపోయాను, ఎందుకు దాచడం.

ఆయన తరువాత ఇద్దరి చేతులు మారి, ఇప్పుడు విజయవాడలో ఒక తుక్కు షెడ్డులో పడి ఉన్నాను. ఇన్నేళ్లలో నాకు బాగా గుర్తున్నది ఆ రోహిణి కార్తె మధ్యాహ్నమే.

విశ్వపతిగారి కూతురు హైమ పుట్టింట్లో పురుడు పోసుకుంది. ఆడపిల్ల. పురుటి స్నానం ఇంకా కాలేదు. ఇంటికి పెద్దావిడ, విశ్వపతిగారి తల్లి శేషమాంబగారు, మడి మనిషి. దేవుడి వంట ఆవిడదే. అందుకని పురుడు తీరేదాకా బాలింతనూ బిడ్డనూ ముట్టుకోకుండా, గుమ్మం అవతల నిలబడి "దాని ముక్కు అచ్చం మీ తాతదేనే" అని మురిసిపోవడంతోనే సరిపెట్టుకుంటోంది. చేతులు మాత్రం ఊరికే ముందుకు చాచేది, వెంటనే వెనక్కి లాక్కునేది.

ఆ రోజు వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఇన్వర్టరూ చేతులెత్తేసింది. పసిదాని ఒళ్లంతా చెమటకాయలు, ఒకటే ఏడుపు. విశ్వపతిగారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"కార్లో పడుకోబెడదాం. ఇంజన్ ఆగే ఉంటుంది, ఏసీ వస్తుంది. పెట్రోలు వాసన కూడా ఉండదు."

కారు ఇంటి పక్క షెడ్డులో ఉంది. హైమ బిడ్డను తీసుకుని వెనక సీట్లో ఒరిగింది. నేను మొదలుపెట్టాను. కాసేపటికే ఏడుపు ఆగింది. రాత్రంతా మేలుకుని ఉన్న హైమ తల్లి సుగుణమ్మ ఇంట్లోకి వెళ్లి నడుం వాల్చింది. విశ్వపతిగారూ అంతే.

కాపలాకు శేషమాంబగారు మిగిలింది. కారెక్కితే మైల అని పీట వేసుకుని షెడ్డులోనే కూర్చుంది. వడగాలి కొడుతోంది. పైగా వీధిలో పోయే ప్రతివాళ్లూ కారులోకి తొంగిచూస్తున్నారు. "పసిగుడ్డుకు దిష్టి తగలదూ!" అని షట్టర్‌ను కిందికంటా దించేసింది. చుట్టూ గోడలే, ఒక్క కిటికీ లేదు.

బ్యాటరీ తగ్గడం నాకు తెలుస్తూనే ఉంది. ఆపమని ఎవరితో చెప్పను? ఇంజన్ లేచింది. పెద్దావిడ ఉలిక్కిపడి డ్రైవరు సీటు వైపు చూసింది. ఎవరూ లేరు. ఇదీ దీని మాయే కాబోలు అనుకుని మళ్లీ కూర్చుంది. ఇంజన్ ఆగింది, మళ్లీ లేచింది, అలా చాలాసార్లు. లేచినప్పుడల్లా వదిలిన పొగ బయటికి పోయే దారి లేక షెడ్డులోనే నిండింది. ఆవిడకు తల పగిలిపోతోంది, కడుపులో తిప్పుతోంది. వడదెబ్బేమో అనుకుని నుదుటికి కొంగు గట్టిగా కట్టుకుంది. లోపల నేను ఆ తల్లీబిడ్డలకు ఆ గాలినే చల్లగా ఊదుతూనే ఉన్నాను. నా బతుకులో నేను చేసిన పనుల్లో నాకు అసహ్యం వేసింది అదొక్కటే.

"హైమా, కాసిని మంచినీళ్లు తాగుతావుటే?" అని అద్దం మీద తట్టింది. హైమ తల పక్కకు వాలిపోయి ఉంది. మళ్లీ తట్టింది. పలకలేదు.

ఆవిడ క్షణం ఆలోచించలేదు. తలుపు లాగి, బిడ్డను గుండెకు అదుముకుని, హైమ చెంపలు వాయించింది. కదలలేదు. తూలుతూ షట్టర్ దగ్గరకు వెళ్లింది. అది స్ప్రింగు పాడైపోయి, పైకెత్తి వదిలితే కిందికి జారిపోయే షట్టర్. ఒంటిచేత్తో మోకాలి ఎత్తు దాకా లేపింది. ఆపైన చేతకాలేదు. వదిలితే మూసుకుపోతుంది. అందుకని ఆ సందులోనే దూరి, సగం ఒళ్లు బయట, సగం లోపల పెట్టి, కాలిపోతున్న సిమెంటు మీద వెల్లకిలా పడుకుంది. షట్టర్ వచ్చి ఆవిడ తొడల మీద ఆగింది. బిడ్డ ఆవిడ రొమ్ము మీద, ఎండలో, కెవ్వుమంది.

"ఒరేయ్ విశ్వం! రారా! హైమ లోపలుందిరా!"

ఆయన పరుగెత్తుకొచ్చి షట్టర్ ఎత్తారు. హైమను బయటికి మోసుకొచ్చి గాలికి పడుకోబెట్టారు. తరువాత ఏసీ ఆపి, కారును వీధిలోకి తీసి, అందరినీ ఎక్కించుకుని, అద్దాలన్నీ దించి ఆసుపత్రికి పరుగు తీయించారు. అలవాటు కొద్దీ ఆయన చెయ్యి మీట మీదికి పోయింది. "దాని జోలికి పోకురా" అంది వెనక నుంచి తల్లి. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

వెనక సీట్లో శేషమాంబగారి ఒడిలో హైమ తల ఉంది, భుజం మీద బిడ్డ ఉంది. సుగుణమ్మ ఏడుస్తూ, "పాపను ఇలా ఇవ్వండి అత్తయ్యగారూ, మీ కాళ్లు చూడండి, నెత్తురు" అంది. ఆవిడ ఇవ్వలేదు.

రైలు గేటు దాటాక హైమ దగ్గింది. కళ్లు తెరిచి చాలాసేపు అయోమయంగా పైకి చూసింది. తన చెంప కింద ఉన్నది ఎవరి ఒడో అప్పుడు తెలిసినట్టుంది.

"నాయనమ్మా... ముట్టుకున్నావేమే? పురుడు కదా నాకు."

అప్పటిదాకా కన్నీటి చుక్క రాల్చని మనిషి భోరుమంది. ఏడుస్తూనే మనవరాలి జుట్టు వెనక్కి దువ్వింది.

"మాట్లాడకే తల్లీ. ఊపిరి తీసుకో. గట్టిగా తీసుకో."