కడుపులో జాగా

“ఇగ చాలు బేటీ. కడుపుల పిల్లకు జర జాగ ఉంచు,” అంటూ మా అత్త హసన్ బీ అన్నం గిన్నె మీద మూత పెట్టేసింది. రెండోసారి పెట్టుకోబోయిన నా చెయ్యి ఆగిపోయింది. నా మొగుడు మాజిద్ అప్పటికే తిని, పళ్ళెంలోనే చెయ్యి కడుక్కుంటున్నాడు. “చెల్పూర్ కరెంటు ప్లాంట్ల మా బాయిలర్ గూడ గింత బొగ్గు మింగదు అమ్మీ,” అని నవ్వాడు.

మా ఇంట్లో సగం దఖ్నీ ఉర్దూ, సగం తెలుగు. పేట్ అన్నా కడుపు అన్నా అన్నం పోయేదీ అందులోకే, పిల్ల పెరిగేదీ అందులోనే. రెండింటికీ ఒకటే సంచి అని అత్త నమ్మకం. నిండా తింటే పిల్ల నలిగిపోతుందట. కాదని నాకు తెలుసు. రఘునాథపల్లిలో పదో తరగతి చదివేటప్పుడు ఆ పాఠం దగ్గరికి రాగానే సార్ మెడ గోక్కుని, “గిది ఇంటికాడ చదువుకోండి” అని పేజీలు తిప్పేశాడు. నేను చదివాను. జీర్ణాశయం వేరు, గర్భాశయం వేరు. పిల్ల తన గదిలో నీళ్ళలో తేలుతూ, బొడ్డుతాడుతో నా రక్తంలోంచే తన కూడు తీసుకుంటుంది. నేను పస్తుంటే దానికి పెరిగేది జాగా కాదు, ఆకలి. కానీ ఏం చెప్పబోయినా మాజిద్ అడ్డం వస్తాడు. “ఇంటర్ సగంల ఇడిసిపెట్టినదానివి, నువ్వు డాక్టరమ్మవా?” ఇడిపించింది నిఖా అని అతనికి గుర్తుండదు.

నిన్న భూపాలపల్లిలో స్కానింగ్ చేసిన డాక్టరమ్మ తెర మీంచి చూపు తిప్పకుండానే అడిగింది, “తినట్లేదా నువ్వు? బిడ్డకు నెలలకు తగ్గ ఎదుగుదల లేదు. మళ్ళీ వచ్చేసరికి బరువు పెరగకపోతే ముందే తీయాల్సి వస్తుంది.” నేను నోరు తెరిచేలోపే మాజిద్ అందుకున్నాడు. “మస్తు తింటది మేడం. ఒళ్ళు వంచదు, గంతే.” ఆవిడ తల ఊపింది. నా పొట్ట మీద జిగురు తుడుచుకుంటూ నేల చూశాను. ఇంటికొచ్చి బట్టలుతికి, బిందెలతో నీళ్ళు మోసి, అందరూ తిన్నాక గిన్నె అడుగున ఉన్నది తిన్నాను. మా పెద్ద పిల్ల కూడా ఇట్లాగే ఎదగక, నెలలు నిండకుండా పుట్టింది. ఈకలు రాని పిట్టలా అద్దాల పెట్టెలో పడుకుంటే, నేను బయట నిలబడి దాని పొట్ట ఎగరడం చూస్తుండేదాన్ని. “పిల్ల చిన్నగుంటే ఎంత అల్కగ అయింది కాన్పు!” అని అత్త ఇప్పటికీ మురిసిపోతుంది.

అత్త చెడ్డదైతే నాకు సులువయ్యేది. తన ఒక్కగానొక్క కూతురు మహీన్ తొలి కాన్పుకు వస్తే, నెయ్యి వేసి, ముద్దలు కలిపి తినిపించిందట. బిడ్డ పెద్దదై, కిందికి జారక, ఈ ఇంట్లోనే తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. తన అన్నమే కూతురిని చంపిందని ఆమె అనుకుంటుంది. ఆ మూత పెట్టడం నన్ను కాపాడుకోవడానికే. అందుకే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. కానీ పొద్దున నల్లా దగ్గర పక్కింటి యాదమ్మక్క నా స్కానింగ్ మాట విని ఒక సంగతి చెప్పింది.

“అమ్మీ,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “మహీన్ ఆపాను, నీ బిడ్డను, నీ బువ్వ చంపలే. ఆ దినం నూటెనిమిది బండికి ఎవ్వలు ఫోనే చెయ్యలే. యాదమ్మక్క చేస్తనంటే చేతుల ఫోన్ గుంజుకున్నరట.”

“ఎవలు?” అంది అత్త.

నేను మాజిద్ వైపు చూశాను.

“ఏయ్!” అని మాజిద్ లేచాడు. పళ్ళెం తగిలి ఎంగిలి నీళ్ళు చాప మీద పారాయి. “దవాఖానల అందరు మగ డాక్టర్లేనాయె... కడుపు కోస్తరంటిరి... నేను ఇంటి ఇజ్జత్ పోతదని...” అని తనే మొదలుపెట్టి, సగంలో ఆగిపోయాడు.

అత్త కొడుకును పైనుంచి కిందికి చూసింది. “బండి దారిల ఉన్నదంటివి గదరా,” అంది. “పొద్దుగూకేదాక గదే మాట జెప్తివి. నేను నొప్పుల మీదున్న నా పిల్లకు గదే జెప్పుకుంట కూసుంటి.”

నేను అన్నం గిన్నె మూత తీసి, పళ్ళెం నిండా పెట్టుకున్నాను. ముద్ద మీద ముద్ద, గొంతు పట్టుకుంటే నీళ్ళు తాగి మరో ముద్ద. అత్త ఆపలేదు. ఆమె ఇంకా కొడుకు ముఖమే చూస్తోంది.

ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోన్. అది మాజిద్ జేబులో ఉంటుంది. నేను ఎడమ చెయ్యి చాపాను.

“ఇయ్యి,” అన్నాను. “కాన్పయ్యేదాక అది నా కాడుంటది.”