దుద్దులగూడ దాకా నడక

ఆ ఆదివారం పొద్దున మా అత్తకూ నాకూ గొడవ నా భుజం సంచి దగ్గర మొదలైంది. నీళ్ల సీసా పెట్టుకుందామని జిప్పు తీస్తే, లోపల పాత పేపర్లో చుట్టిన, నూనె తీసిన పల్లి చెక్క ఉంది. నా రుమాలుకు, దువ్వెనకు, చివరికి బస్సు చిల్లరకు కూడా ఆ వాసన పట్టేసింది.

“అత్తమ్మా, గిది నా సంచిల ఎందుకు పెట్టిండ్రు?”

“మరి ఎవల సంచిల పెట్టాలె? మీ మామకు సంచి ఉన్నదా?” మా అత్త నాగమణమ్మ పొయ్యి దగ్గర నుంచి కదలకుండానే అన్నది. “బాలెంతను చూడబోతె ఉత్త చేతులతోని పోతరా ఎవలన్న?”

“బాలెంత బర్రె, అత్తమ్మా.”

“అయితె ఏంది? బర్రెకు నోరు లేదా?”

మా అమ్మాయి సోనీ జడ అల్లుకుంటూ, “నానమ్మా, గాజులు గిట్ల పెడ్తవా?” అని అడిగి ఇద్దరి చేతా తిట్లు తిన్నది. నేను చెక్కను తీసి ప్లాస్టిక్ కవర్లో వేశాను. కవర్లో చెమ్మ పడుతుందని అత్త మళ్లీ పేపర్లోకి మార్చింది. చివరికి అది నా సంచిలోనే వచ్చింది.

కిషన్‌బాగ్‌లో మా మామ మొగులయ్య తండ్రి కాలం నుంచీ మాది పాల ఇల్లు. గడ్డి ధరలూ, పేడ మీద పక్కింటి వాళ్ల ఫిర్యాదులూ పెరిగి ఒక్కో బర్రే పోగా చంద్రి ఒక్కటి మిగిలింది. ఎండాకాలంలో అదీ ఒట్టిపోతే, మామ దాన్ని దుద్దులగూడలో ఆగయ్య అనే రైతుకు మేపుకు ఇచ్చారు. మా పాలవాళ్లలో ఇది పాత పద్ధతే. ఈనేదాకా రైతు మేపుతాడు, పుట్టిన దూడ అతనిది, బర్రె మళ్లీ మనది.

అలా కొట్టం ఖాళీ అయింది. నేను దాన్ని ఫినాయిల్‌తో కడిగి, సున్నం వేసి, చాపలు పరిచి పిల్లలకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టాను. మొదట మా వరస ఇళ్ల పిల్లలు, తర్వాత వెనక గల్లీ నుంచి రుబీనా వాళ్లు కూడా వచ్చారు. బీఎస్సీ చదివిన సంగతి నాకే మరుపు వస్తున్న రోజుల్లో, వీధిలో నన్ను టీచర్ అని పిలిచేవాళ్లు తయారయ్యారు. చంద్రి తిరిగి వస్తే చాపలు ఎత్తేయాలి. అది ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అడిగి కాదనిపించుకోవడం కంటే అడగకుండా ఉండటం నయమని ఊరుకున్నాను.

ఇప్పుడు చంద్రి ఈనింది. తెచ్చేందుకు ట్రాలీ ఎప్పుడు పంపాలో తేల్చుకోవడానికే ఈ ప్రయాణం.

మా ఆయన ప్రేమ్‌రాజ్‌కు కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో ఆదివారం డ్యూటీ. మామకు షుగరు, ఒంటరిగా పంపలేం. కాబట్టి వానాకాలం నుంచి ప్రతి ఆదివారం మామ వెంట చంద్రిని చూడబోయే పని నాదైంది. మెహిదీపట్నంలో బస్సెక్కి పోతన్నపల్లిలో దిగితే, అక్కడి నుంచి దుద్దులగూడకు బండ్ల బాట.

ఆ బాట గురించి మా వీధిలో చెప్తే నమ్మరు. ఎత్తూ పల్లం లేదు, హారన్ లేదు. ఒక పక్క పత్తి, ఇంకో పక్క బంతి తోటలు, వాటి మధ్య బోరు నీళ్లు పారే కాలువ. దూరంగా కంది చేలు పచ్చగా పూసి ఉంటాయి. నడవడానికే వేసినట్టుండే బాట. మామతో మాత్రం దాని మీద నడవలేం.

మొదటి చేను దగ్గరే ఆగి జొన్న సొప్ప ధర అడిగారు. కొనేది లేదు. రెండో చేను దగ్గర బోరు ఎంత లోతు వేశారని అడిగారు. వేయించేది లేదు. అంతలో బండి మీద పోతున్న అబ్బాయి ఆపాడు.

“ఎక్కు బాపు, ఊర్ల దింపుత.”

“వద్దు బిడ్డా, డాక్టరు నడువుమన్నడు,” అని చెప్పి, ఆ అబ్బాయి వాళ్ల తాత పేరు దాకా కనుక్కుని, అతను పోయాక కల్వర్టు గోడ మీద కూర్చున్నారు.

“మామా, డాక్టరు నడువుమన్నడు. కూసోమనలే.”

“నడుస్తనే ఉన్న గద. నీకేంది గంత ఆత్రం?”

పత్తి తీస్తున్న ముసలమ్మ ఒకామె నడుం ఎత్తి, “ఎవలోళ్లు బిడ్డా?” అని నన్ను అడిగింది. జవాబు మామ అందుకున్నారు. మా వంశం, మా కొట్టం, మా చంద్రి అన్నీ వరసగా చెప్పారు. “గది మామూలు బర్రె కాదమ్మా. నా చెయ్యి పడితెనే పాలిస్తది. ఇంకెవలు కూసున్నా సుక్క ఇయ్యది.”

“గట్లనా,” అని ఆమె మళ్లీ పత్తిలోకి వంగింది. నేను ముందుకు నడిచి, వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు నడిచాను. ఆ లెక్కన దుద్దులగూడకు నేను రెండుసార్లు నడిచినట్టు.

ఆగయ్య ఇంటి వెనక చంద్రి చింత నీడలో నిలబడి ఉంది. మా ఇంట్లో సిమెంటు గచ్చు తప్ప ఎరగని బర్రె, కుంటలో పొర్లి వచ్చి మెడ దాకా ఎండిన బురదతో ఉంది. ఒళ్లు చేసింది. మామ “చంద్రీ” అని పిలిస్తే చెవి ఒకటి కదిలించి నెమరు వేస్తూనే ఉంది.

మామ చేతులు కడుక్కున్నారు. దూడను వదిలి, నాలుగు గుక్కలు తాగనిచ్చి, పక్కకు లాగి కట్టి, చెంబు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నారు. పాలు రాలేదు. పొదుగు నిండుగా ఉంది, పాలు మాత్రం కిందికి దిగలేదు. చేపుకు రాలేదు అంటారు. బర్రెలు కొత్త చేతికి అలా చేస్తాయి. ఒకసారి మామకు జ్వరమొస్తే, మా అత్త ఆయన చొక్కా తొడుక్కుని, ఆయన తువ్వాల తలకు చుట్టుకుని పిండవలసి వచ్చింది.

“చెక్క తియ్,” అన్నారు మామ. తీసి ఇచ్చాను. చంద్రి చెక్కంతా తిన్నది, పేపర్ కూడా నాకింది, చుక్క ఇవ్వలేదు.

“నువ్వు గా సంచి ఏసుకొని ఎదురుంగ నిలబడితె ఎట్ల సేపుతది?”

నేను పక్కకు జరిగాను.

“గా అద్దాలు తళతళ మెరుస్తున్నయ్. బెదురుతది.”

కళ్లద్దాలు తీశాను. తీశాక నాకు బర్రె ఏదో చింత మొద్దు ఏదో సరిగ్గా తెలియలేదు. చెంబు దొర్లిన చప్పుడు మాత్రం వినిపించింది. చంద్రి తన్నింది.

అప్పుడు ఆగయ్య భార్య సుందరమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. “జర జరుగు అన్నా,” అని కూర్చుంది. ఆమె పొదుగు నిమిరిందో లేదో, పాలు చెంబులో చుయ్ చుయ్‌మని పడసాగాయి. ఆగయ్య నేల చూపులు చూస్తూ, “కొత్త గదా అన్నా, రెండు దినాలైతె...” అన్నాడు.

“నేను కొత్తనా?” అని అడిగారు మామ.

సుందరమ్మ పిండుతూనే ఉంది.

తిరుగు దారిలో మామ ఎక్కడా ఆగలేదు. సొప్ప ధర అడగలేదు. కల్వర్టు గోడను చూడను కూడా చూడలేదు. పత్తి ముసలమ్మ, “బర్రె మంచిగున్నదా?” అని కేకేస్తే చెయ్యి ఎత్తి నడిచారు. ఆయనను అందుకోవడానికి నేను దాదాపు పరుగెత్తాను. ఇన్ని ఆదివారాలుగా నేను కోరుకున్న నడక ఇదే. తీరా దొరికాక ఒళ్లు మండింది.

“మామా, జర కూసుందాం. అలసిపోతరు.”

“నువ్వే గద కూసోవద్దంటివి.”

బస్సులో కిటికీ వైపు మొహం పెట్టుకుని, “ఇంట్ల చెప్పకు,” అన్నారు.

“ఏది?”

“ఏదో నీకెరుక లేదా.”

చెప్పనన్నాను. మొండికి పోయి రేపే ట్రాలీ పంపుతారని నా లోపల అనుకున్నాను. ఇంటికి తెచ్చి, పాత గచ్చు మీద కట్టేసి, నాలుగు రోజుల్లో దారికి తెచ్చుకోవాలని చూస్తారు. దారికి వచ్చినా రాకపోయినా చాపలు ఎత్తవలసిందే. రుబీనా వాళ్లమ్మకు ఏ మాటలతో చెప్పాలా అని మెహిదీపట్నం దాకా ఆలోచిస్తూనే వచ్చాను.

సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చాక అందరం అన్నానికి కూర్చున్నాం. అత్త చారు గిన్నె ముందుకు జరుపుతూ, “మరి ట్రాలీ ఎప్పుడు?” అన్నది.

“బుధవారానికి అడిగి పెట్టిన. వస్తడు,” అన్నారు మా ఆయన.

“ట్రాలీ వద్దు,” అన్నారు మామ. అన్నం కలుపుతూ, కంచంలోకే చూస్తూ అన్నారు. “బర్రె ఆడ్నే ఉంటది. ఆగయ్యోళ్లు పిండుకుంటరు. ఆదివారం పోయినప్పుడు మన పాలు మనం తెచ్చుకుందం.”

అత్త చేతిలో గంటె ఆగింది. “ఏమైంది? పాలిస్తలేదా?”

“మస్తు ఇస్తున్నది. కొట్టంల పిల్లలు సదువుకుంటున్నరు గద, వాళ్లను ఏడికి ఎల్లగొట్టాలె? రూపకు ఇష్టం లేదు.”

అందరూ నా వైపు తిరిగారు.

“చూసినవా ప్రేమ్,” అన్నది అత్త, “నీ పెండ్లం ఆదివారం ఆదివారం దారి పొంటి ఏం నూరిపోసిందో. ఈనిన బర్రెను ఇంట్లకు రానియ్యని కోడలును నేను యాడ చూడలే.”

“నాకన్న ఒక్క మాట చెప్పొచ్చు గద,” అన్నారు మా ఆయన.

ఎన్ని ఆదివారాలు నడిచానో, ఆ దారిలో ఒక్కసారైనా నేను ఆ మాట ఎత్తలేదు. ఎత్తాలనుకుని గొంతు దాకా తెచ్చుకుని మింగేసిన మాట అది. రేపు పొద్దున మా వీధి ఆడవాళ్లందరికీ, ఆ తర్వాత మొఘల్‌పురాలో ఉన్న మా ఆడపడుచుకు, పాలిచ్చే బర్రెను వెళ్లగొట్టిన కోడలిగా నా పేరు చేరుతుంది. సుందరమ్మ పిండింది అన్న రెండు మాటలతో ఇదంతా ఆపేయగలను.

మామ తల ఎత్తలేదు. కంచంలో అన్నం ముద్దగా, ముద్ద కాస్తా గుజ్జుగా అయిపోయినా ఇంకా కలుపుతూనే ఉన్నారు.

“అవునత్తమ్మా,” అన్నాను. “నేనే అడిగిన. చంద్రి ఆడ్నే ఉంటది. పిల్లలు ఈడ్నే ఉంటరు.”