తలుపు చెప్పే లెక్క

షిఫ్టు నుంచి వచ్చిన ప్రతివాడూ గుమ్మం ముందు బూట్లు విప్పి, మంచు దులిపి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి చంకలో పెట్టుకుని లోపలికి పోవాలి. ఆ బేస్‌మెంట్‌కి అది రూలు. పెట్టినవాడు లోహిత్. బయట స్టాండు మీద రెండే జతలు కనబడాలి, ఎందుకంటే ఇంటావిడ బ్రిజిడ్ ఆంటీకి సెప్టెంబరులో చెప్పింది ఇద్దరమని. ఆ తర్వాత వరంగల్ నుంచి, నెల్లూరు నుంచి కుర్రాళ్లు దిగుతూనే ఉన్నారు. అందరిదీ ఒకటే మాట, "వారం రోజులే అన్నా, రూమ్ దొరికేదాకా." లండన్‌లో, ఇంగ్లండుది కాదు, కెనడాలో ఒంటారియోది, ఆ ఏడు రూమ్ కంటే అడ్మిషన్ తేలిగ్గా దొరికేది. తడి బూట్లతో ఇల్లంతా కంపు కొట్టినా గుట్టు మాత్రం నిలిచిందనుకున్నారు.

ఆ ఇంటికి ఒకటే తలుపు. పైకీ కిందికీ మెట్లు అక్కణ్ణించే. బ్రిజిడ్ ఆంటీ వాళ్ల నాన్న ఐర్లాండ్ నుంచి ఓడలో వేసుకొచ్చిన ఆకుపచ్చ తలుపది. ఎవరైనా వచ్చి గడియ పెట్టగానే గొంతు సవరించుకుని ఒక మాట అనేది. తలుపు మాట్లాడుతుందని వీధిలో అందరికీ తెలుసు. పోస్టు మనిషి దానికి గుడ్ మార్నింగ్ కూడా చెప్పేవాడు. ఏం అంటోందో అడిగే తీరిక మాత్రం కుర్రాళ్లకి లేదు.

ఆవిణ్ణి మంచి చేసుకుందామని లోహిత్ శనివారాలు మంచు తోసిపెట్టి, పైన టీ తాగుతూ, "మీ ఐరిష్ భాష నాకూ నేర్పండి ఆంటీ," అన్నాడు. ఆవిడ మురిసిపోయి అంకెలతో మొదలుపెట్టింది. వారానికి రెండు. అ హేన్, అ దో. అ త్రీ, అ క్యాహర్.

"దో, త్రీ... ఇవి మావే కదా ఆంటీ!" అని నవ్వాడు.

అ కూగ్, అ షే దాకా వచ్చారు. రోజూ ఇల్లు చేరేవాళ్లలో ఆఖరివాడు లోహితే కాబట్టి, ఈ చిన్న అంకెలేవీ తలుపు నోట అతను వినలేదు.

ఆదివారాలు ఆవిడ సోడా బ్రెడ్ కాల్చి, ముక్కలు కోసి కిందికి పంపేది. ఇద్దరికి ఇంతా అని ఆవిడ అమాయకత్వానికి నవ్వుకుంటూ తినేవాళ్లు. జనవరిలో సాయిచరణ్ వచ్చాక ముక్కలు కాస్త చిన్నవయ్యాయి గానీ, ఎవడికీ తక్కువ కాలేదు.

ఓ శనివారం పొద్దున, మధ్యాహ్నం హీటర్ చూడ్డానికి మనిషి వస్తాడని ఆవిడ కబురు పెట్టింది. మిగతావాళ్లకి షిఫ్టులున్నాయి. సాయిచరణ్‌కి ఇంకా పని దొరకలేదు. వంటగదిలో సూట్‌కేసు పక్కనే పడుకునేవాడు.

"సాయీ, ఇంకెక్కడైనా చూసుకోరా," అన్నాడు లోహిత్. "హీటర్ మనిషి చూసి ఆంటీకి చెబితే అందరం రోడ్డున పడతాం."

"ఇవాళేనా అన్నా?"

"ఇవాళే."

మిగతావాళ్లు ఫోన్లలోకి చూశారు. సాయిచరణ్ కవర్లోంచి బూట్లు తీసుకుని, లైబ్రరీ మూసేదాకా అక్కడ కూర్చుంటానని చెప్పి, మంచులో సూట్‌కేసు ఈడ్చుకుంటూ వెళ్లాడు. మధ్యాహ్నం వచ్చినవాడు హీటర్ తప్ప దేన్నీ చూడలేదు.

సాయంత్రం పాఠం. "ఇవాళ అ షాక్త్, అంటే ఏడు. అ హోక్త్, ఎనిమిది," అంది బ్రిజిడ్ ఆంటీ.

లోహిత్ చేతిలో కప్పు ఆగిపోయింది. ఆ రెండు మాటలూ అతనికి కొత్త కావు. డిసెంబరంతా తలుపు షాక్త్ అంది. సాయిచరణ్ వచ్చినప్పటి నుంచి హోక్త్ అంటోంది. బ్రెడ్ ముక్కలు గుర్తొచ్చి సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

అప్పుడే కింద ఎవడో వచ్చి గడియ పెట్టాడు. "అ షాక్త్," అంది తలుపు.

ఆవిడ కప్పు కింద పెట్టింది. "నిన్న హోక్త్ అంది. ఎవరు రాలేదు?"

"మేం ఇద్దరమే ఆంటీ," అనేశాడు అలవాటుకొద్దీ. అన్న మరుక్షణం భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది. ఆవిడ కోప్పడనైనా లేదు.

"మా అమ్మకి తొమ్మిదిమందిమి. తలుపు పిల్లల్నే లెక్కపెట్టేది. అమ్మ వంట చేసుకుంటూ వినేది. అంకె తగ్గితే లాంతరు పట్టుకుని వెతకడానికి పోయేది. అందుకోసమేనయ్యా ఆ లెక్క."

లోహిత్ కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా పరిగెత్తాడు. లైబ్రరీ మూసేశారు. ఎదుటి బస్ షెల్టర్లో సాయిచరణ్ సూట్‌కేసు మీద ముడుచుకుని కూర్చున్నాడు. లోహిత్‌ని చూడగానే మొహం విప్పారింది.

"రూమ్ దొరికిందా అన్నా, నాకు?"

లోహిత్ వంగి అతణ్ణి లేపాడు. సూట్‌కేసు తనే అందుకుని, "ఇంటికి పదరా," అన్నాడు.

గుమ్మం ముందు సాయిచరణ్ అలవాటుగా కవర్ తీశాడు. లోహిత్ ఆ బూట్లు లాక్కుని స్టాండు మీద పెట్టాడు. లోపలివాళ్లు అది చూసి, ఒక్కొక్కరే తమవీ తెచ్చి పెట్టారు. స్టాండు చాలక కొన్ని మెట్ల మీదికొచ్చాయి.

గడియ పడింది. పైమెట్టు మీద బ్రిజిడ్ ఆంటీ నిలబడి వింటోంది. తలుపు గొంతు సవరించుకుంది. ఆ పైన ఏమీ అనలేదు. లోహిత్ ఎదురుచూశాడు. మాట తనకే వదిలేసిందని కాసేపటికి అర్థమైంది.

"అ హోక్త్, ఆంటీ," అన్నాడు తలెత్తకుండా.

"పైన రెండు గదులు ఖాళీగా ఉన్నాయి," అంది ఆవిడ. "సెప్టెంబరు నుంచీ."